ఎవరి కార్జం

జగిత్యాలలో డాక్టరు స్కానింగు కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చదివాడు. అది అయ్యాక కాగితం పక్కన పెట్టి మనిషిని చదవడం మొదలుపెట్టాడు. స్టూలు మీద కూర్చున్న ఓదెలు చొక్కా గుండీ సర్దుకున్నాడు. యాభై ఏళ్ళ మనిషి. ఎండకు కాగిన ముఖం, ఇనుప పైపులు మోసి మోసి బండబారిన భుజాలు, వాటితో ఏ మాత్రం పొత్తు కుదరని చిన్న బొజ్జ. అతని వెనకాల, గోడకు ఆనుకుని, కాగితాల సంచిని పొట్టకు హత్తుకుని భార్య సత్తవ్వ నిలబడింది.

"ఏం పని చేస్తవ్?" అన్నాడు డాక్టరు.

"మస్కట్ల ఉంటి సార్. ఇరవై రెండేండ్లు. పెద్ద బిల్డింగులు కట్టేకాడ నిలబడనీకి పైపులు కట్టేది."

"అంతకు ముందు?"

"తాళ్ళెక్కి కల్లు గీసేది. గౌండ్లోళ్ళం."

డాక్టరు నవ్వాడు. జవాబు ముందే తెలిసినవాడి నవ్వు. "రోజుకెంత తాగుతవ్?"

"తాగ సార్."

"కల్లు?"

"కల్లు సుత తాగ. నాకు వాసన పడది. చిన్నప్పుడు మా నాయిన గూడ తిట్టేటోడు, గీనికి కులం తప్పిందని."

"గౌండ్లోడివి, మస్కట్ పోయొచ్చినోడివి, కార్జానికి, అదే లివర్‌కు, కొవ్వు పట్టింది. కాని తాగవు." డాక్టరు కలం మూత తీసి సత్తవ్వ వైపు తల తిప్పాడు. "ఏమ్మా, నువ్వు చెప్పు. నిజమేనా?"

ఒక్క మాట. 'తాగడు సార్' అంటే సరిపోయేది. సత్తవ్వ నోరు తెరిచింది కూడా. కానీ మాట గొంతులోనే కూర్చుంది. రెండేళ్ళకొకసారి వచ్చి రెండు నెలలు ఉండే మనిషి. ఆ రెండు నెలలు తాగడం ఆమె చూడలేదు. మిగతా రోజులు సముద్రం అవతల ఏం తిన్నాడో, ఏం తాగాడో, ఫోనులో చెప్పినదే తప్ప ఆమెకేం తెలుసు? తెలియనిదాన్ని తెలుసని ఎట్లా అనడం? సంచి పిడిని వేలికి చుట్టుకుంటూ గోడమీది కార్జం బొమ్మను చూస్తూ ఉండిపోయింది.

డాక్టరు ఆ చూపునే జవాబు కింద తీసుకున్నాడు. చీటీలో ఇంగ్లీషులో ఒక ముక్క రాసి, దాని కింద గీత గీశాడు.

"మొత్తం బంద్ చెయ్. మూడు నెలలాగి రా."

బయటికి వచ్చి బస్టాండు దాకా నడిచారు. కోరుట్ల బస్సులో కూర్చున్నాక ఓదెలు మెల్లగా అన్నాడు. "ఒక్కమాట అనకపోతివి."

"నేనేమందు? నేను మస్కట్ల ఉన్ననా?"

ఓదెలు నవ్వాడు. "గదీ నిజమే," అని పల్లీల పొట్లం విప్పి ఆమె ఒడిలో పెట్టాడు.

అతను కోప్పడితే బాగుండునని సత్తవ్వకు అనిపించింది. కోపమైతే దానికి ఎదురుచెప్పడం ఆమెకు వచ్చు. పల్లీలకు ఏం చెప్పాలి?

*

వాళ్ళది కథలాపూర్ దగ్గర ఊరు. తెల్లారి పొద్దెక్కేసరికి సత్తవ్వ అరుగు మీద చాట ఒడిలో పెట్టుకుని కూర్చుంది. తడిపిన బీడీ ఆకును రేకు కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, బొటనవేలితో చుట్టి, దారం రెండు చుట్లు తిప్పి, మూతిని గోటితో మడుస్తోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, నోరు ఖాళీగా ఉంటుంది. పక్కింటి కిష్టవ్వ కూడా తన చాట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"మీ ఆయన కార్జం ఖరాబైందటగాదే," అంది కిష్టవ్వ, కళ్ళు ఆకు మీదే ఉంచి.

"నీకెవరు చెప్పిరు?"

"ఊరంత ఎరుకే. గా కంపినోళ్ళు రక్తం పరీచ్చ చేసి ఎల్లగొట్టిరట. అరబ్బు దేశంల సీసా దొరకదంటరు గాని, దొరికేటోనికి దొరుకుతది."

లోపలి నుంచి పోపు చిటపటమన్నది. ఓదెలు వంట చేస్తున్నాడు. మస్కట్ గదిలో పదకొండు మందికి వంతులవారీగా వండిన చెయ్యి అది. వచ్చి ఇరవై రోజులైనా పొయ్యి దగ్గర నుంచి కదలడు. సొరకాయ ముక్కలు కూడా ఒకటే కొలతకు కోస్తాడు.

"అక్కా, నాకు ఇనవడుతుంది," అన్నాడు లోపలి నుంచి.

"ఇనవడాల్ననే అంటున్న," అంది కిష్టవ్వ ఏమాత్రం తడబడకుండా. "కూరల కారం జర ఎక్కువెయ్యి."

ముగ్గురూ నవ్వుకున్నారు. అప్పుడే ఓదెలు అన్న ముత్యం, చెట్ల నుంచి దిగి, నడుముకు మోకు తాడుతోనే వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, ఎండుకట్టెలా ఉంటాడు.

"నేను ముప్పై ఏండ్ల సంది తాగవడితి, నాకేం రాకపాయె. నువ్వు తాగకుంటనే బద్నామైతివి. గిదేం న్యాయంరా తమ్మీ," అని అరుగు మీద కూలబడ్డాడు. "రాజేందర్ ఫోన్ చేసిండు. కోరుట్ల రమ్మన్నడు నిన్ను."

రాజేందర్ మస్కట్ వీసాలు తెచ్చే ఏజెంటు. ఓదెలు పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది. ఆ మాట వినగానే ఓదెలు గరిటె పట్టుకునే బయటికి వచ్చాడు. సత్తవ్వ చేతిలో దారం తెగింది. కొత్త దారం తీసుకుని, మొగుడి ముఖం చూడకుండా అదే బీడీని మళ్ళీ చుట్టింది.

*

మర్నాడు కోరుట్లలో రాజేందర్ తన ఆఫీసు గదిలో కుర్చీ వెనక్కి వాల్చి, విషయం భార్యాభర్తలిద్దరికీ అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు.

"ఓదెలన్నా, కార్జానికి కొవ్వు పట్టుడు పెద్ద ముచ్చట కాదు. సగం మందికి ఉంటది. లోపల మచ్చలు పడి గట్టిపడ్డదా లేదా, కంపినీకి గది కావాలె. సిరిసిల్లల ఒక ప్రైవేటు దవాఖానకు మంగళారం మిషిన్ తెస్తున్నరు. కోసుడు లేదు, సూది లేదు, ఉట్టిగనే చూస్తరు. మెత్తగ ఉన్నదని కాగితం తే. నెల తిరగకముందు నిన్ను ఫ్లైటెక్కిస్త."

"తాగుతడని రాసిండు జగిత్యాల సార్," అంది సత్తవ్వ.

"గా చీటీ ఎవలకు చూపియ్యకుండ్రి. చింపేయుండ్రి."

ఓదెలు మాత్రం చీటీని చింపలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. "అబద్ధమే. కాని నా పేరు మీదున్నది గద," అన్నాడు.

*

మంగళవారం మొదటి బస్సుకు బయలుదేరారు. పరీక్షకు ముందు మూడు గంటలు ఏమీ తినకూడదన్నారు. సత్తవ్వ డబ్బాలో నాలుగు రొట్టెలు పెట్టింది కానీ తను కూడా ముట్టలేదు.

"నీకు షుగరున్నది. నువ్వు తిను," అన్నాడు ఓదెలు.

"నువ్వు నోరు కట్టుకోని కూసుంటే నేను నమలాల్నా? అయినంక తింట."

వేములవాడలో దర్శనానికి వచ్చిన జనం దిగి, బస్సు ఖాళీ అయింది. సిరిసిల్లలో దిగి దవాఖాన మెట్లెక్కేసరికి పది గంటలు. పక్క సందులో బట్టలు నేసే సాంచాలు నడుస్తున్నాయి. కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి.

వాళ్ళ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మిషన్ గది చిన్నది. ఒక మంచం, ఒక తెర, ఒక ఫ్యాను. మిషన్ నడిపే అమ్మాయి పేరు ప్రణీత, పాతికేళ్ళు కూడా ఉండవు. ముందే నలభై మందిని చూసినట్టున్నా మొదటి మనిషిని చూసినంత ఓపికగా మాట్లాడింది. ఓదెలును వెల్లకిలా పడుకోబెట్టి, కుడి చెయ్యి తల కిందికి పెట్టించింది. చొక్కా పైకి జరిపి, పక్కటెముకల సందు వేలితో వెతికి, చల్లటి జిగురు రాసింది.

"పెద్దనాయినా, వేలుతోని కొట్టినట్టు చిన్న దెబ్బ తగుల్తది. నొప్పుండది. కదలొద్దు. మంచిగ పది దెబ్బలు పడాలె."

చేతిలోని పరికరం 'టప్' అన్నది. తెరమీద నల్లటి గీత ఒకటి ఏటవాలుగా జారింది. మళ్ళీ టప్.

"గా దెబ్బతోని ఏమెరుకైతది బిడ్డా?" అని అడిగింది సత్తవ్వ.

"దెబ్బ లోపలికి అలలెక్క పోతది పెద్దమ్మా. మెత్తటి దాంట్ల మెల్లగ పోతది, గట్టిదైతే ఉరుకుతది. గా ఉరుకుడే మిషిన్ కొలుస్తది."

సత్తవ్వ బొటనవేలితో ఆకు చుట్టినట్టు చూపింది. "తడాకుకు ఎండినాకుకు తేడా ఉన్నట్టు. తడాకు వంగుతది. ఎండినాకు ఒత్తితే పెళుక్కున పలుగుతది."

ప్రణీత చెయ్యి ఆపి ఆమె వైపు చూసింది. "మా సార్లు గింత మంచిగ చెప్పరు," అని నవ్వింది. పది దెబ్బలూ అయ్యాయి. "అయిదు పాయింటు రెండు. కొవ్వుంది, గాని మచ్చ లేదు. మెత్తగనే ఉన్నది పెద్దనాయినా. ఎనిమిది లోపుంటే భయం లేదు."

ఓదెలు లేచి జిగురు తుడుచుకుంటూ, చిన్నపిల్లవాడు మార్కుల కాగితం చూపినట్టు, భార్య వైపు చూశాడు. సత్తవ్వకు సంతోషమే. ఆ సంతోషం అడుగున మస్కట్ విమానం మోత కూడా వినిపించింది. మొగుడి చొక్కా వెనక అంటిన జిగురు తుడవడానికి వంగింది.

ప్రణీత ఆమె మెడ చూసింది. కొంగు జారిన చోట, మెడ చుట్టూ, మసి పూసినట్టు నల్లటి పట్టీ.

"పెద్దమ్మా, గీ నలుపెప్పటి సంది ఉన్నది?"

"మట్టే బిడ్డా. తంబాకు దుమ్ము. శెనగపిండి పెట్టి రుద్దినా పోతలేదు."

"అది మట్టి కాదు. షుగరున్నదా?"

"ఆరేండ్ల సంది."

"ఏం పని?"

"బీడీలు చేస్త."

"కూసున్నకాన్నుంచి లేవరు గద. పొద్దుగాల ఏమన్న తిన్నరా?"

"లేదు. ఈయన తినలే, నేను తినలే."

"అయితే మంచిగైంది. పండుకోండి."

"నాకెందుకు? కార్జం ఖరాబైంది ఈయనది."

"పొద్దటి సంది గీ మంచం మీద పండుకున్న నలభై మందిల ఆడోళ్ళు ఎంతమందో ఎరుకేనా? ఎనిమిది మంది," అంది ప్రణీత. "మిగిలిన ఆడోళ్ళందరు మొగోళ్ళ ఎంబడచ్చి గీ స్టూల్ మీద కూసుండి పోయినోళ్ళే."

ఓదెలు వెంటనే స్టూలు మీద కూర్చుని సంచి అందుకున్నాడు. "పండుకో. నేను నీ సంచి పట్టుకుంట."

సత్తవ్వ సిగ్గుపడుతూ, పైట సర్దుకుంటూ పడుకుంది. మొదటి రెండు దెబ్బలు సరిగ్గా పడలేదు. ప్రణీత పరికరం మార్చి, లావు మనుషులకు వాడే పెద్దది తీసింది. టప్. టప్. సత్తవ్వ ఫ్యాను రెక్కలు చూస్తూ మనసులో లెక్కపెట్టింది. పది అయ్యాయి, పదకొండు, పన్నెండు. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు తగ్గింది.

"ఏందట?" అన్నాడు ఓదెలు.

"పది పాయింటు ఎనిమిది."

ఓదెలు లేచి మంచం దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, బతిమాలినట్టు అన్నాడు. "బిడ్డా, గది నాకు రాయి. గా అయిదు ఆమెకు రాయి. నేనెట్లగు బద్నామైన మనిషిని. ఊరంత ముందుగాల్నే అనుకున్నరు."

ప్రణీత నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. "రాస్తే అటిటు కాదు పెద్దనాయినా. లోపలున్నది లోపల్నే ఉంటది. దా పెద్దమ్మా, సార్‌తోని మాట్లాడుదం."

డాక్టరు కుర్రవాడు, ఆ రోజు కోసం కరీంనగర్ నుంచి వచ్చాడు. సత్తవ్వ కాగితం చూసి, జగిత్యాల డాక్టరు అడిగిన ప్రశ్ననే అడిగాడు. కాకపోతే మర్యాదగా అడిగాడు. "అమ్మా, అందరినీ అడిగేదే. కల్లు గాని, మందు గాని అలవాటుందా?"

సత్తవ్వకు ముఖం మీద వేడినీళ్ళు చల్లినట్టయింది. గౌండ్ల ఇంటి కోడలు, మొగుడు దేశం మీద, ఊళ్ళో మంచి కల్లు, ఒంటరి సాయంత్రాలు. తాగదని ఎవరు నమ్ముతారు? 'లేదు సార్' అన్న మాట నోటినుంచి వచ్చింది గానీ, అది ఆమెకే అబద్ధంలా వినిపించింది. సాక్ష్యం కోసం తెలియకుండానే పక్కకు తిరిగింది.

"తాగది సార్," అన్నాడు ఓదెలు. అంత తొందరగా, అంత తేలికగా అన్నాడు, పొద్దు తూర్పున పొడుస్తుందని చెప్పినట్టు. "ఒక్కనాడు ముట్టలే. నేను చెప్తున్న గద, రాసుకోండ్రి."

డాక్టరు రాసుకున్నాడు. రాసుకుని, కుర్చీ దగ్గరికి జరిపి, తాగని వాళ్ళకు కూడా ఈ జబ్బు వస్తుందని, షుగరూ బరువూ కూర్చునే పనీ కలిసి కార్జానికి కొవ్వు పట్టిస్తాయని, కొవ్వు వల్ల లోపల పుండై, మాని, మచ్చ పడుతుందని చెప్పాడు.

"మచ్చ మొదలైంది. కాని ముదరలే. ఇప్పుడు పట్టుబడ్డది కాబట్టి వెనక్కి తిప్పొచ్చు. షుగరు మందు మారుస్త. బువ్వ తగ్గించాలె, కూరలు పెంచాలె. రోజు ముప్పావు గంట నడవాలె. బరువు ఏడెనిమిది కిలోలు దిగాలె. ఆరు నెలలకు మళ్ళ చూద్దం."

"సార్," అంది సత్తవ్వ. "మా ఆయన కాగితంల సుత రాయుండ్రి. తాగడని. జగిత్యాల్ల తప్పు రాసిరు. నన్నడిగిండు గా సార్, నేను చెప్పకపోతి. ఇప్పుడు చెప్తున్న."

ఓదెలు జేబులోంచి నాలుగు మడతల చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు దాన్ని చదివి, ఓదెలుకు ఇచ్చే కొత్త కాగితంలో తెలుగులోనే ఒక వరుస రాశాడు: మద్యం అలవాటు లేదు, భార్య చెప్పినది. కింద సంతకం చేశాడు.

మెట్లు దిగుతూ మధ్యలో సత్తవ్వ ఆగింది.

"నీకెట్ల ఎరుక?"

"ఏంది?"

"నేను తాగనని. ఇరవై రెండేండ్లు నువ్వు మస్కట్ల ఉంటివి. నువ్వేమన్న చూసినవా?"

ఓదెలు గోడకు ఒరిగి కాసేపు నిజంగానే ఆలోచించాడు. "చూడలే," అన్నాడు. "చూడాల్నా?"

సత్తవ్వ మెట్టు మీదే కూర్చుని డబ్బా మూత తీసింది. రెండు రొట్టెలు అతనికిచ్చి, తనవి రెండు చేతిలోకి తీసుకుని, ఒకటి మళ్ళీ డబ్బాలో పెట్టేసింది.

"అప్పుడే షురూ చేసినవా?" అని ఓదెలు నవ్వాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది.

*

ఊళ్ళో కిష్టవ్వ అరుగు మీద సిద్ధంగా ఉంది. "ఏమాయెనే? మీ ఆయన కార్జం?"

"ఆయనది మంచిగున్నది. ఖరాబైంది నాది."

కిష్టవ్వ చేతిలో కత్తెర ఆగింది. "నీదా? నువ్వు తాగవు గదనే."

"ఆయన సుత తాగడు. అక్కా, కొంగు తియ్యి, నీ మెడ చూస్త."

ఆ వారంలో సత్తవ్వ కార్ఖానాకు బీడీలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ మెడలన్నీ చూసింది. ఆరుగురిని పేరుపేరునా పిలిచి షుగరు పరీక్ష చేయించుకొమ్మని చెప్పింది. ఇద్దరు తిట్టారు. నలుగురు, మిషన్ మళ్ళీ ఎప్పుడొస్తుందని అడిగారు.

ఓదెలు ఒక్కడే కోరుట్ల పోయాడు. పోతూ ఏం చెప్పలేదు, ఆమె అడగలేదు. పొద్దున్నే ఆమె దారపుండ నుంచి మూరెడు దారం తెంపి జేబులో వేసుకోవడం మాత్రం చూసింది. కాగితం మంచిగా వచ్చింది, రాజేందర్ మాట తప్పడు, నెలలోపు విమానం. అట్లా అనుకుంటూనే రోజంతా బీడీలు చుట్టింది. నూరు బీడీల మూతులు వంకరపోయాయి.

సాయంత్రం ఎండ తగ్గకముందే ఓదెలు వచ్చాడు. ఒక చేతిలో పాస్‌పోర్టు. ఇంకో చేతిలో అట్టపెట్టె. పాస్‌పోర్టును దేవుడి పటం వెనక దోపి, పెట్టె ఆమె ముందు పెట్టాడు. అందులో తెల్లటి నడక బూట్లు. ఆమె చెప్పు కొలత తీసిన దారం ఇంకా ఒక బూటుకు చుట్టే ఉంది.

"రాజేందర్ ఏమన్నడు?"

"పాగల్‌గానివా అన్నడు. కాగితం మంచిగచ్చినంక పోనోన్ని నిన్నే చూస్తున్న అన్నడు."

"మరి బతుకుడెట్ల?"

"అన్న తాళ్ళల్ల పది నాకిస్తనన్నడు. ఎక్కుడు మర్వలే. నువ్వు కూసున్నకాన్నుంచి లేవాలె, నేను ఎక్కాలె. డాక్టరు చెప్పిందే గద."

"నేను బూట్లేసుకుంటే ఊరంత నవ్వుతది."

"నవ్వనియ్యి. పోయిన నెల ఏడిపిచ్చిరు గద."

మర్నాడు తెల్లవారుతుండగా ఇద్దరూ వరద కాలువ కట్ట మీద నడిచారు. చీర కుచ్చిళ్ళ కింద తెల్లటి బూట్లు. మొదట సత్తవ్వ అలవాటు కొద్దీ నాలుగడుగులు వెనక నడిచింది. ఓదెలు ఆగాడు. ఆమె కూడా ఆగింది. అతను మళ్ళీ ఆగితే విసుక్కుని వచ్చి పక్కన చేరింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళు పక్కపక్కన నడిచింది బస్టాండుకే. ప్రతిసారీ చేతిలో సూట్‌కేసు ఉండేది.

ఎదురుగా ముత్యం, సైకిలు మీద కల్లు కుండలతో వచ్చి కాలు ఆనించాడు. మరదలి కాళ్ళ వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. "ఇద్దరు గింత పొద్దుగాల ఎటువోతున్నరు?"

"ఎటూ లేదు బావా," అంది సత్తవ్వ. "గా తూము దాక పోయి మల్ల ఇంటికే."

ముత్యం అర్థం కానట్టు తల గోక్కుని సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. కాలువలో నీళ్ళ మీద వెలుతురు పడుతోంది. సత్తవ్వకు బూట్లు అలవాటయ్యాయి. అడుగు వడి పెరిగింది. బొజ్జ ఊపుకుంటూ ఓదెలు వెనకబడ్డాడు.

"ఏయ్, నేనచ్చేదాక జర ఆగరాదు."

"ఇరవై రెండేండ్లు ఆగిన," అంది సత్తవ్వ వెనక్కి తిరగకుండానే. "ఇగ నువ్వే నడువు జల్ది."